ఒంటికాలి పీట

లా బ్రెవిన్ లోయలో చలికాలం పిలవని చుట్టం లాంటిది. అక్టోబరులో వచ్చి కూర్చుందంటే ఏప్రిల్ దాకా లేవదు. ఊరికి పైన, దేవదారు అడవి అంచున ఉన్న మాతే వాళ్ల ఇంటికి అది అందరికన్నా ముందు వచ్చి అందరికన్నా వెనక పోతుంది. ఆ ఇంట్లో ఇప్పుడు జెలీ ఒక్కతే ఉంటోంది.

జెలీకి యాభై దాటాయి. ఉత్తరం కిటికీ కింద ఆమె పనిబల్ల, బల్ల మీద గాజు మూతలు, వాటి కింద లొక్ల్ పట్నం నుంచి వచ్చే జేబు గడియారాలు. ఆమె చేసేది హెయిర్‌స్ప్రింగుల పని. గడియారం లోపల ఒక చిన్న చక్రం అటూ ఇటూ ఊగుతుంటుంది కదా, దాన్ని ఊగించే చుట్ట అది. తల వెంట్రుక కన్నా సన్నని నీలం ఉక్కు. ఊపిరి కాస్త గట్టిగా వదిలితే ఎగిరి ఎక్కడో పడుతుంది, ఇక దొరకదు. దాన్ని పట్టకారు కొసతో సర్ది, పై చుట్టను కొంచెం ఎత్తి వంపు తిప్పి, చక్రం నిమిషానికి ఎన్ని ఊపులు ఊగాలో అన్నే ఊగేలా చేయాలి. ఆ లోయలో ఈ పని ఆడవాళ్లదే. మగాళ్లకి అంత ఓపిక ఏడిసిందా అనేది జెలీ వాళ్ల అమ్మ, వాళ్ల నాన్నకి వినపడేటట్టు.

మొన్న సెప్టెంబరు దాకా ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉండేది. జెలీ చెల్లెలు ఇర్మా. గడ్డి కోతలయ్యాక జ్వరం వచ్చి, పట్టుమని పది రోజులు మంచంలో ఉండకుండానే పోయింది. అక్కాచెల్లెళ్లిద్దరూ పెళ్లిళ్లు చేసుకోలేదు. ఒకరికొకరు తోడనుకున్నారు.

కొందరి చెమట ఉక్కుకి పడదు. వాళ్ల వేలు తగిలిన చోట వారం తిరక్కుండా తుప్పు లేస్తుంది. అలాంటి చేతులు గడియారం పనికి పనికిరావు. ఇది ఆ లోయలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. చిన్నప్పుడు అమ్మ ఇద్దరికీ పరీక్ష పెట్టింది. రాత్రి పడుకునేముందు ఒక్కొక్కరి పిడికిట్లో మెరుగు పట్టిన ఉక్కు బిళ్ల పెట్టి పైన గుడ్డ చుట్టింది. తెల్లారి విప్పితే జెలీ బిళ్ల అద్దంలా ఉంది. ఇర్మా బిళ్ల మీద ఎర్రటి వేళ్ల ముద్రలు. ఇంకేముంది, జెలీకి పనిబల్ల, ఇర్మాకి పశువుల కొట్టం అన్నారు.

ఇర్మా ఏడవలేదు. పాలు పితకడం అయ్యాక పితికేటప్పుడు కూర్చునే ఒంటికాలి పీట నడుముకి కట్టుకునే వచ్చి అక్క వెనక కూర్చునేది. ఆ పీటకి ఒకటే కాలు. పట్టీతో నడుముకి బిగించుకుంటారు, మనిషి లేస్తే పీటా వెంట వస్తుంది, కూర్చుంటే మనిషి బరువు మీద నిలబడుతుంది. విప్పేస్తే నిలబడలేదు, పడిపోతుంది. అందుకే పని లేనప్పుడు గోడకి మేకు కొట్టి తగిలిస్తారు.

ఊపులు లెక్కపెట్టేటప్పుడు ఇర్మా ఉండాల్సిందే. జెలీ చక్రం మీంచి చూపు తిప్పకుండా ఒకటి నుంచి పది దాకా పెదాలతో అనుకుంటూ పోతుంటే, ఇర్మా గోడ గడియారాన్ని చూస్తూ, అక్క వెంటే గొణిగేది. ఎప్పుడూ ఒక అంకె వెనక. అక్క మూడు అన్నాక తను మూడు అనేది. పది కాగానే ఎండు చిక్కుడు గింజ ఒకటి రేకు పళ్లెంలో పడేసేది. నిమిషానికి పదిహేను గింజలు పడ్డాయా, స్ప్రింగు కుదిరినట్టు.

ఏటా కొత్త సంవత్సరం నాడు, రెండు గుక్కలు సారా పడ్డాక, ఇర్మా ఒకటే అడిగేది. "ఒక్కసారి పట్టకారు ఇవ్వవే అక్కా. ఒక్క వంపు తిప్పి ఇచ్చేస్తా."

"నీ వేలు తగిలితే తుప్పు. పోవే," అనేది జెలీ.

ఇద్దరూ నవ్వుకునేవారు. ఇవ్వకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ లోయ ఆడవాళ్లు తమ పట్టకారు ఎవరి చేతికీ ఇవ్వరు. ఎరువివ్వరు, అమ్మరు, పోయినప్పుడు వాళ్లతోనే శవపెట్టెలో పెట్టేస్తారు. పట్టకారు ఇస్తే చెయ్యి ఇచ్చేసినట్టే అంటారు. "ఇల్లు రాసివ్వు, మొగుణ్ణి రాసివ్వు, పట్టకారు మాత్రం ఇవ్వకు," అని అమ్మ చెప్పి చెప్పి చచ్చిపోయింది.

ఒక రోజు మధ్యాహ్నం, మంచు మీద జారే స్లెడ్జి బండి గంటలు వినపడేసరికి జెలీ తలుపు తీసి నిలబడింది. యులిస్ వచ్చాడు. పట్నానికీ కొండ మీది ఇళ్లకీ మధ్య పని పెట్టెలు మోసే మనిషి. జెలీకి చిన్నప్పుడు బడిలో పక్క బెంచీ.

"ఏం జెలీ, బతికే ఉన్నావా? పొగ కనపడితేగాని నాకు నమ్మకం లేదు," అన్నాడు మీసాల మీది మంచు దులుపుకుంటూ.

"నువ్వు రాని వారమంతా హాయిగానే బతికాను. బయటే దులుపుకో. లోపల దులిపితే నువ్వే తుడవాలి."

"అబ్బో, నోరు మాత్రం తుప్పు పట్టలేదు."

అని నాలిక కరుచుకున్నాడు. జెలీ జెన్షియన్ అనే కొండ మొక్క వేళ్లతో కాచిన సారా పోసింది. అతను తాగి, గ్లాసు కింద పెట్టి, మళ్లీ తీసి, ఖాళీ గ్లాసులోకి చూస్తూ నీళ్లు నమిలాడు.

"ఏమిటో కక్కు," అంది జెలీ.

"కోప్పడకూడదు మరి."

"ఆ మాట అన్నావంటే కోపం వచ్చేదే."

"పోయిన విడతలో నాలుగు స్ప్రింగులు వెనక్కొచ్చాయి. తుప్పు మచ్చలట."

 జెలీ రెండు చేతులూ అతని ముక్కు కిందికి చాపింది. "చూడు. కట్టెల్లా లేవూ? చెమట పట్టడానికి కూడా తడి లేని చేతులు. ముప్పై ఏళ్లలో ఒక్క మచ్చ వచ్చిందా నా పనిలో?"

"నన్ను తింటావేం? నేను బండి తోలేవాణ్ణి. పట్నంలో గడియారాల యజమాని అన్నది చెబుతున్నా. ఇంకొక్కటి అలా వస్తే ఈ కొండకి పెట్టె పంపనన్నాడు." అతను జేబులోంచి గుడ్డ మూట తీశాడు. "ఇది మాత్రం నీకే ఇవ్వమన్నాడు. ఎవరిదో తాతల నాటి గడియారం. మనవడు సూది పెట్టి కెలికాడట. పట్నంలో ముగ్గురు చూసి చేతులెత్తేశారు. దానికి సరిపడే ఇంకో స్ప్రింగు ఎక్కడా లేదు. రేపు పొద్దున్నే వచ్చి తీసుకెళ్తా."

జెలీ కంటికి భూతద్దం బిగించి మూట విప్పి చూసింది. లోపలి స్ప్రింగు పిల్లి ఆడుకున్న దారంలా ఉంది. చుట్టలు ఒకదాని కింద ఒకటి దూరాయి, పై వంపు అడ్డంగా మెలి తిరిగింది.

"అవుతుందా?" అన్నాడు యులిస్.

"విరగకపోతే అవుతుంది."

పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు. "మా ఆవిడ చెప్పమంది. రొట్టెల కొట్టు పైగది ఖాళీగా ఉంది. ఈ చలికాలం కిందికి రారాదూ? ఇక్కడ గోడలతో ఏం మాట్లాడతావ్?"

"గోడలు ఎదురు చెప్పవు. అదే సుఖం," అంది జెలీ.

గంటల చప్పుడు అడవి మలుపు దాటేదాకా ఆమె తలుపు వేయలేదు. గోడల సంగతి ఉట్టి గొప్పే. ఇర్మా పోయాక ఆ ఇంట్లో ఆమెకి భయం కన్నా ఒంటరితనమే ఎక్కువగా ఉండేది. పొద్దున్నే సూపు ఇద్దరికి సరిపడా పెట్టేసి, తర్వాత గుర్తొచ్చి, మిగిలింది రెండో రోజు తినేది. ఆవుల్ని అమ్మేసింది. కొట్టం ఇంటి కప్పు కిందే, గోడకి అవతలే. ఆవులుండగా రాత్రిళ్లు ఆ గోడ వెచ్చగా ఉండేది. ఇప్పుడు చెయ్యి పెడితే రాయి. ఆమెకి మిగిలింది ఒక్క పని. వారానికోసారి ఆ పెట్టె రాకపోతే ఆమె బతికున్నదీ లేనిదీ అడిగే నాథుడు కూడా ఉండడు.

బల్ల దగ్గర కూర్చుంది. ముందు ఉక్కు దిమ్మ తుడుచుకోవాలి. అరచేతిలో పట్టేంత దిమ్మ అది, దాని మీదే స్ప్రింగు పరిచి సర్దుతారు. పోయిన ఆదివారమే దాన్ని అద్దంలా మెరుగు పెట్టింది.

దాని మధ్యలో ఎర్రటి మచ్చ ఒకటి ఉంది.

భూతద్దం పెట్టి చూసింది. బొటనవేలి ముద్ర. గీతలు స్పష్టంగా ఉన్నాయి. గీతలకి అడ్డంగా, ఏటవాలుగా ఒక గాటు. ఇర్మాకి పదహారేళ్లప్పుడు కొడవలి తగిలి బొటనవేలు తెగింది. సరిగ్గా అలాగే, ఏటవాలుగా.

 'పాత ముద్రే అయ్యుంటుంది. మెరుగు పెట్టినప్పుడు నేనే చూసుకోలేదు,' అని జెలీ తనకి తనే సర్ది చెప్పుకుంది. చూసుకోకపోవడం అన్నది ఆమె బతుకులో జరగలేదు. అయినా నూనె గుడ్డతో రుద్ది, మచ్చ పోగొట్టి, పనిలో పడింది.

స్ప్రింగు బాగుచేయడం లోపలి నుంచి మొదలవుతుంది. మొట్టమొదటి వంకర ఎక్కడుందో పట్టుకోవాలి. దాన్ని అక్కడే, ఎంత వంగిందో అంతే, వెనక్కి వంచాలి. ఒక వెంట్రుక వాసి ఎక్కువ వంచితే రెండో తప్పు పుడుతుంది, దాన్ని దిద్దబోతే మూడోది. ఉక్కుకి ఓపిక తక్కువ. రెండుసార్లు ఊరుకుంటుంది, మూడోసారి పుటుక్కుమంటుంది. జెలీ ఊపిరి బిగబట్టి ఒక వంకర తీసేది, ఊపిరి వదిలి పక్కకి చూసేది, మళ్లీ బిగబట్టేది. బయట మంచు మొదలైంది. గాలి లేదు. పెద్ద పెద్ద రేకులు నింపాదిగా పడుతున్నాయి. ఇంట్లో గోడ గడియారం చప్పుడు తప్ప ఇంకేం లేదు.

వెలుగు తగ్గేసరికి చుట్టలన్నీ విడిపోయి బల్లపరుపుగా వచ్చాయి. ఇంకా పై వంపు ఉంది. ముందు చక్రానికి తగిలించి ఓసారి లెక్క చూసుకుందామనుకుంది. దీపం వెలిగించింది. రేకు పళ్లెం ఎడం చేతి పక్కన పెట్టుకుని, గుప్పెడు గింజలు తీసుకుంది. చక్రాన్ని చిన్నగా ఊపింది.

ఒకటి... రెండు... మూడు...

పది అనగానే గింజ వేసింది. టిక్. మళ్లీ ఒకటి, రెండు. టిక్. నిమిషం కాగానే ఆపింది.

పళ్లెంలో ఇంకో గింజ పడింది. టిక్.

జెలీ చెయ్యి గాల్లోనే ఉంది. గుప్పిట మూసే ఉంది. చేతిలోంచి జారిందనుకోవడానికి లేదు. పళ్లెంలోకి వంగి లెక్కపెట్టింది. తను వేసినవే కాకుండా ఒకటి ఎక్కువ ఉంది.

'వేళ్లు మొద్దుబారాయి. రెండు పడుంటాయి,' అనుకుంది. పొయ్యిలో కట్టె వేసి వచ్చి, మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి పెదాలతో కాకుండా పైకే అంటూ.

"ఒకటి... రెండు..."

ఆమె రెండు అన్నాక, వెనక నుంచి, బాగా మెల్లగా... "రెండు."

"మూడు."

"...మూడు."

వేడి పాల వాసన వచ్చింది. ఆవుల వాసన, ఎండుగడ్డి వాసన. గోడకి అవతల నుంచి కాదు. వీపు వెనక నుంచి.

జెలీ లెక్క ఆపలేదు. ఆపడానికి భయమేసింది. ఆపితే వెనక ఉన్నది కూడా ఆగుతుంది, ఆగాక ఏం చేస్తుందో... నాలుగు, ఐదు, ఆరు అంటూనే ఉంది. వెనక గొంతు ఒక అంకె వెనకగా వస్తూనే ఉంది. పది అంది జెలీ. చెయ్యి కదపలేదు.

"...పది."

టిక్.

వెనక్కి తిరగాలనిపించలేదు.  కానీ ఎదురుగా కిటికీ ఉంది. బయట చీకటి పడింది, లోపల దీపం ఉంది, అద్దంలో గది అంతా కనిపిస్తోంది. దీపం. దీపం ముందు తన ముఖం, కంటికి భూతద్దం. తన భుజం వెనక...

మేకుకి తగిలించి ఉండాల్సిన ఒంటికాలి పీట గది మధ్యలో ఉంది.

నిటారుగా, ఒంటికాలి మీద, ఊగకుండా నిలబడి ఉంది. దాని మీద ఎవరూ లేరు.

 జెలీ అరవబోయి ఆగింది. అరిచినా ఈ కొండ మీద వినేదెవరు? దేవదారు చెట్లూ, మంచూ. కింద యులిస్ ఈపాటికి పొయ్యి ముందు కాళ్లు చాపుకుని ఉంటాడు.

చేయగలిగింది ఒకటే. పని. చూపు దించి, పట్టకారు తీసుకుని, పై చుట్టను పట్టింది. తొందరగా ఎత్తి వంపు తిప్పబోయింది. స్ప్రింగు ఎక్కువ వంగింది. వెనక్కి దిద్దింది. మళ్లీ ఎక్కువైంది. అదే చోట రెండుసార్లు అయింది. ఇక మూడోసారి వంచితే విరుగుతుంది. విరిగితే పెట్టె రాదు. పెట్టె రాకపోతే యులిస్ రాడు. ఈ ఇంట్లో తనూ, ఆ పీటా...

ఆమె కంట్లోంచి నీళ్లు కారి భూతద్దంలో నిలిచాయి. ఏమీ కనిపించడం లేదు.

"అక్కా..."

చెవి పక్కనే. వెచ్చగా.

"ఒక్కసారి..."

జెలీ కళ్లు మూసుకుంది. తర్వాత ఎన్నిసార్లు తల్చుకున్నా, ఆ క్షణంలో తనకి కలిగింది భయం ఒక్కటే అని చెప్పలేకపోయింది. ఎన్ని వారాలైంది ఆ పిలుపు విని! ఒళ్లంతా జలదరిస్తున్నా ఆ పిలుపు లోపల ఎక్కడో తియ్యగా తగిలింది. ఇరవై ముప్పై కొత్త సంవత్సరాలు అడిగింది పిచ్చిది. చచ్చాక కూడా అదే అడుగుతోంది. ఇస్తే ఏం పోయింది?

"సరే... తీసుకో," అంది జెలీ గుసగుసగా.

పట్టకారు తిప్పి, పట్టుకునే వైపు వెనక్కి ఉండేలా, భుజం మీదుగా చాపింది.

కింద పడిన చప్పుడు రాలేదు. ఎవరో నెమ్మదిగా తీసుకున్నారు. ఆ వేళ్లు జెలీ వేళ్లని ఒక్క క్షణం తాకాయి. చల్లగా లేవు. తడిగా ఉన్నాయి.

ఆమె తడుముకుంటూ లేచి పక్కకి జరిగింది. కుర్చీ కిర్రుమంది, బరువు పడినట్టు. గాజు మీద పట్టకారు తగిలిన చప్పుడు... చిన్నగా... మళ్లీ చిన్నగా. జెలీ కళ్లు తెరవలేదు. గోడకి ఆనుకుని నిలబడి, ఏం చేయాలో తోచక, పెదాలతో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఎవరో ఒకరు లెక్కపెట్టాలి కదా.

తెల్లవారి పొయ్యి పక్కన నేల మీద మెలకువ వచ్చింది. పీట మేకుకే ఉంది. బల్ల మీద, గాజు మూత కింద, గడియారం నడుస్తోంది. భూతద్దం పెట్టి చూసింది. స్ప్రింగు ఊపిరి తీసినట్టు అన్ని వైపులా సమంగా విచ్చుకుని సమంగా ముడుచుకుంటోంది. ఇక పై వంపు... అంత అందమైన వంపు జెలీ ముప్పై ఏళ్లలో తిప్పలేదు. అమ్మ కూడా తిప్పలేదు. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. పట్టకారు మాత్రం బల్లకి ఎడమ పక్కన ఉంది. ఇర్మాది ఎడమచేతి వాటం.

యులిస్ వచ్చి చూసి ఈల వేశాడు. "ముగ్గురు మగాళ్ల మొహాన పేడ కొట్టావే! యజమానికి ఇప్పుడు ఏం చెప్పమంటావ్?"

"ఏం చెప్పకు," అంది జెలీ. అతనికి రొట్టె కోసి పెడుతోంది.

"ఆ కత్తేమిటే అలా ఉంది?"

జెలీ చూసింది. కత్తి తిరగేసి చూసింది. నిన్న మెరిసిన కత్తి. తను వేలు ఆనించిన చోటల్లా ఎర్రటి మచ్చలు. అరచేతులు చూసుకుంది. తడిగా ఉన్నాయి. తుడుచుకుంది. మళ్లీ తడి.

"పాత కత్తి," అని చేతులు ఏప్రన్ కింద పెట్టేసుకుంది.

ఆ వారం ఆమె పని చేయలేదు. చేయలేకపోయింది. ఏ ఉక్కు ముట్టుకున్నా సాయంత్రానికి తుప్పు లేస్తోంది. అయినా పొద్దు వాలేసరికి యులిస్ వదిలి వెళ్లిన పెట్టెలోని స్ప్రింగులు ఒక్కొక్కటే పూర్తయి గాజు మూతల కిందికి చేరుతున్నాయి. దీపం దానంతట అదే పెద్దదయ్యేది. కుర్చీ కిర్రుమనేది. మూడో నాడో నాలుగో నాడో జెలీ ఇక ఉండబట్టలేక బల్ల దగ్గరికి వెళ్లి చెయ్యి చాపింది.

"నా పట్టకారు నాకు ఇచ్చేయవే ఇర్మా," అంది. ఏడుస్తూనే అంది. "ఒక్కసారి అన్నావు కదే..."

గాజు మీద చప్పుడు ఆగింది.  తర్వాత, నవ్వు కలిసిన గుసగుస.

"నీ వేలు తగిలితే తుప్పు. పోవే."

జెలీ చెయ్యి వెనక్కి తీసుకుంది. చెల్లెలికి ఆ మాట ఎలా తగిలేదో అప్పటిదాకా ఆమెకి తెలియదు.

మళ్లీ వారం యులిస్ వచ్చేసరికి జెలీ పొయ్యి పక్కన నిలబడి ఉంది. గంటలు విని తలుపు తీద్దామనుకునేలోపే తలుపు తెరుచుకుంది. అతను మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చి, ఆమె ముందునుంచే నడిచి, తిన్నగా బల్ల దగ్గరికి పోయాడు.

"జెలీ, నీ పంట పండిందే! ఇంత మంచి పని ఈ లోయలో ఎప్పుడూ చూడలేదన్నాడు ఆయన. ఇకనుంచి మేలు రకం గడియారాలన్నీ నీకేనట," అన్నాడు, ఖాళీ కుర్చీ వైపు వంగి.

"యులిస్..." అంది జెలీ వెనక నుంచి. "నేను ఇక్కడున్నాను. ఆ పైగది... వస్తానని మీ ఆవిడకి చెప్పు. ఇవాళే వస్తాను."

అతను తిరగలేదు. కుర్చీలో ఉన్నవాళ్లు ఏదో అన్నట్టు తల ఊపుతూ విన్నాడు. తర్వాత పగలబడి నవ్వాడు.

"సరే సరే, గోడలు ఎదురు చెప్పవులే! నీ కొండ నువ్వే ఏలుకో తల్లీ. పైగది ఎవరికో ఇచ్చేయమంటా మా ఆవిడతో."

"యులిస్!"

పెట్టె చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. గంటలు మలుపు దాటాయి. జెలీ తలుపు దగ్గరికి పరిగెత్తి గడియ పట్టుకుంది. ఇనుప గడియ ఆమె వేళ్ల కింద ఎర్రగా పొడి రాలింది, కానీ కదల్లేదు.

మంచు మళ్లీ మొదలైంది. వెలుగు తగ్గింది. బల్ల మీద దీపం వెలిగింది. కుర్చీ కిర్రుమంది. గాజు మీద పట్టకారు ఒకసారి, ఇంకోసారి మోగింది. ఆగింది... ఎదురుచూస్తున్నట్టు.

ఎందుకో జెలీకి తెలుసు. మేకు మీంచి పీట తీసి నడుముకి పట్టీ బిగించుకుంది. కుర్చీ వెనక కూర్చుంది. పళ్లెం ఒళ్లో పెట్టుకుని గోడ గడియారం వైపు చూసింది.

"ఒకటి," అంది కుర్చీలోని గొంతు.

"...ఒకటి," అంది జెలీ.

"రెండు."

"...రెండు."

పదికి ఒక గింజ వేసింది. టిక్. కనీసం ఇప్పుడు ఇంట్లో ఒంటరిగా లేనని సరిపెట్టుకోవాలని చూసింది. అప్పుడు తల ఎత్తితే ఎదురుగా కిటికీ అద్దం కనిపించింది. బయట చీకటి, లోపల దీపం. దీపం ముందు వంగి పని చేసుకుంటున్న ఆడమనిషి, నెరిసిన జుట్టు, కంటికి భూతద్దం. ఆ ముఖం జెలీదే. ఆమె వెనక గది మధ్యలో ఒంటికాలి పీట నిటారుగా నిలబడి ఉంది.

దాని మీద ఎవరూ లేరు.